బెయిలు వాళ్లకు, హోము ఆ పిల్లకు

2019 డిసెంబరు మొదట్లో, కూతురు కనబడటం లేదని ఒక తండ్రి కంచికచర్ల పోలీసు స్టేషనుకు వచ్చాడు. వాళ్ల ఊరు ఆ స్టేషను పరిధిలోకి రాదు. అంతకు కొద్ది రోజుల ముందే శంషాబాద్ దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య జరిగాయి. బిడ్డ కోసం పరుగెత్తిన కుటుంబాన్ని ‘మా పరిధి కాదు’ అంటూ స్టేషన్ల చుట్టూ తిప్పారన్న కోపం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రగులుతోంది. కంచికచర్లలో మాత్రం ఆ తండ్రిని వెనక్కి పంపలేదు. పరిధితో పని లేకుండా అక్కడే జీరో ఎఫ్ఐఆర్ కట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన మొట్టమొదటి జీరో ఎఫ్ఐఆర్ అదే.

అది నందిగామ పక్కనే నమోదు కావడం కాకతాళీయమే కావచ్చు. కానీ పరిధి అన్న మాట ఎలా ప్రాణం తీస్తుందో ఈ మెట్ట ప్రాంతం వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు వస్తే ఆంధ్ర అయిపోతుంది, అవతల కోదాడ. ఒకప్పుడు అటు నైజాం, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. ఆడపిల్లలతో చేసే వ్యాపారాన్ని అరికట్టే చట్టం మద్రాసులో 1930లోనే వచ్చింది, నైజాం ఇలాకాలో అది చెల్లేది కాదు. 1956లో ఆ గీత చెరిగిపోయింది. 2014 జూన్ 2న మళ్లీ పడింది. గీత పడినా చెరిగినా హైదరాబాదు, బెజవాడల నడుమ రోడ్డు మాత్రం ఆగలేదు. ఇప్పుడది 65వ నంబరు జాతీయ రహదారి. చిల్లకల్లు అడ్డరోడ్డులో అర్ధరాత్రి చెయ్యెత్తినా ఏదో ఒక బండి ఆగుతుంది. పని చూపిస్తామని, పెళ్లి చేసుకుంటామని, సినిమాల్లో వేషం ఇప్పిస్తామని చెప్పి పిల్లను బండెక్కించిన మనిషి తెల్లారేసరికి రాష్ట్రం దాటిపోతాడు. ఫిర్యాదు ఒక రాష్ట్రంలో, పిల్ల దొరికేది ఇంకో రాష్ట్రంలో.

అందుకే 2013 మేలో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టంగా చెప్పింది. పిల్ల కనబడటం లేదని ఎవరొచ్చి చెప్పినా ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, కిడ్నాపో అక్రమ రవాణానో జరిగిందనే అనుకుని దర్యాప్తు మొదలుపెట్టాల్సిందే. నాలుగు నెలల్లో ఆచూకీ దొరక్కపోతే ఆ కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనుతో జీరో ఎఫ్ఐఆర్ చట్టంలోనే చేరింది. ఇక ‘ఎవరితోనో లేచిపోయి ఉంటుంది, రెండు రోజులు చూడండి’ అని తల్లిదండ్రులను పంపేసే హక్కు ఏ స్టేషనుకూ లేదు. ఆ రెండు రోజుల్లోనే పిల్ల చేతులు మారిపోతుంది.

ఈ కథనం మాత్రం పిల్ల దొరికిన తర్వాత సంగతి. దొరికిందంటే కథ సుఖాంతం అయినట్టేనని మనం అనుకుంటాం. పత్రికల్లోనూ అక్కడితోనే వార్త ముగుస్తుంది. ఆ పిల్లకు మాత్రం రెండో నరకం అక్కడే మొదలవుతుంది. దాన్ని నడిపేది బ్రోకర్లు కాదు, మనం న్యాయం కోసం పెట్టుకున్న వ్యవస్థ.

వయసు గడిలో ఏం రాశారు?

ఒక రైడ్ ఎలా జరుగుతుందో చూద్దాం. లాడ్జి మీదో, కాలనీలో అద్దెకు తీసుకున్న ఇంటి మీదో పోలీసులు పడతారు. వెంట మధ్యవర్తులుగా వీఆర్వోలు ఉంటారు. గదిలో దొరికిన డబ్బు, ఫోన్లు, మరికొన్ని వస్తువులు వరసగా రాస్తారు. మనుషుల పేర్లు రాస్తారు. పేరు పక్కన తండ్రి పేరు, కులం, ఊరు, వయసు. ఆ పిల్ల జీవితం ఎటు తిరిగేదీ ఆ వయసు గడిలో రాసే రెండు అంకెలే తేలుస్తాయి.

17 అని రాశారనుకోండి, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం వచ్చి నిలబడుతుంది. ఆమె ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నే ఉండదు. ఆ గదికి వచ్చిన ప్రతి మగవాడూ నేరస్తుడే. ఆమెను 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. 19 అని రాశారనుకోండి, అదే పిల్ల, అదే గది, అదే రాత్రి, కానీ 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం 8వ సెక్షను కింద విటులను పిలిచిన నేరానికి ఆమే ముద్దాయి కావచ్చు. ఆరు నెలల దాకా శిక్ష.

వయసు ఎంత అని అడిగితే ఆ పిల్ల ఏం చెబుతుంది? ‘పద్దెనిమిది నిండాయి సార్’ అనే చెబుతుంది. అలా చెప్పమని నెలల తరబడి నూరిపోసి ఉంటారు. చిన్నదని తెలిస్తే జైల్లో వేస్తారని, అమ్మానాన్నలను కూడా లోపలేస్తారని భయపెట్టి ఉంటారు. చేతిలో ఆధార్ కార్డు ఉంటుంది. దాని మీద పుట్టిన సంవత్సరం ముందుకు జరిపించి ఉంటారు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షను వయసు ఎలా తేల్చాలో వరస పెట్టి చెబుతుంది. మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్టు లేదా పదో తరగతి సర్టిఫికెట్టు, అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, ఏదీ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ అవుతుందని కోర్టులకు తెలుసు. ఆ రెండేళ్లనే డిఫెన్సు లాయరు పట్టుకుంటాడు.

తండాలో ఇంట్లోనే పుట్టి, నాలుగో తరగతిలో బడి మానేసి, మిరపకోతలకు అమ్మానాన్నల వెంట తిరిగిన పిల్లకు ఈ కాగితాల్లో ఏది ఉంటుంది? బడిలో చేర్చిన రోజు మాస్టారు అడిగితే అమ్మ ఉజ్జాయింపుగా చెప్పిన తేదీ ఒక్కటే ఉంటుంది. 2023 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఒక పోక్సో కేసులో బడి ఇచ్చిన టీసీ 94వ సెక్షను కింద చాలదని తేలింది, నిందితుడు బయటపడ్డాడు. న్యాయసూత్రంగా ఆ తీర్పును తప్పుబట్టలేం. కానీ దర్యాప్తు అధికారి బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు తెచ్చి, హెడ్మాస్టరును సాక్షిగా పెట్టే ఆ కాస్త పని చేయకపోతే, నష్టపోయేది ఆ అధికారి కాదు. కేసు మొత్తం ఆ పిల్ల కాళ్ల కింద నుంచే జారిపోతుంది.

వయసు గడి నిజాయితీగా నింపితే ఏమవుతుందో గుంటూరు చూపించింది. 2021లో కొవిడ్‌తో తల్లిని పోగొట్టుకున్న 13 ఏళ్ల పిల్లను, ఆసుపత్రిలో పరిచయమైన ఒక ఆడమనిషి పెంచుకుంటానని నమ్మించి తీసుకెళ్లింది. రెండు రాష్ట్రాల్లోని ఊళ్లు తిప్పారు. తండ్రి ఫిర్యాదు చేశాడు. 2022 ఏప్రిల్ నాటికి ఆ కేసులో అరెస్టులు దాదాపు 80కి చేరాయి. వాళ్లలో ఉన్నది బ్రోకర్లు మాత్రమే కాదు, డబ్బిచ్చి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంజనీరింగు చదివే కుర్రాడు కూడా ఉన్నాడు. వచ్చినవాడిని వదిలేసి ‘నిర్వాహకురాలి అరెస్టు’తో సరిపెట్టే అలవాటున్న మన రాష్ట్రంలో అది పెద్ద మార్పు. పోలీసులు ఫోన్ రికార్డులు పట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లగలిగారంటే, చట్టం చేతకానిది కాదని తెలిసింది. అదే శ్రద్ధ ప్రతి కేసులోనూ ఎందుకు ఉండదన్నదే నా బాధ.

2018 జులై 30న యాదగిరిగుట్టలో రాచకొండ పోలీసులు 11 మంది ఆడపిల్లలను కాపాడినప్పుడు తెలంగాణ ఉలిక్కిపడింది. వాళ్లలో ఏడేళ్లు నిండనివాళ్లున్నారు. త్వరగా పెద్దవాళ్లలా కనబడాలని హార్మోను ఇంజెక్షన్లు ఇచ్చారన్న ఆరోపణ మీద ఒక వైద్యుణ్ణి కూడా అరెస్టు చేశారు. అంటే వయసు గడిలో అబద్ధం ఒక్కోసారి కాగితం మీద కాదు, పిల్ల ఒంటి మీదే రాస్తారు.

తాళం ఎవరికి?

రైడ్ జరిగిన రాత్రి ఎక్కడ పడుకోబెట్టాలి? ఏ కారణం చేతనైనా సరే, పిల్లను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదని పోక్సో 24వ సెక్షను. వాంగ్మూలం పిల్ల ఇంట్లోనో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి రాసుకోవాలి, యూనిఫాం వేసుకోకూడదు. ఖాకీ బట్ట చూస్తేనే ఆ పిల్ల నోరు ఎందుకు పడిపోతుందో చట్టం రాసినవాళ్లకు తెలుసు. బ్రోకరు ఆమెకు మొదటి రోజునుంచీ చెప్పిన మాట ఒక్కటే: పోలీసులు మనవాళ్లే.

మర్నాడు కమిటీ ముందుకు, అక్కణ్నించి హోముకు. హోములు నడిపేవాళ్లలో మంచివాళ్లు లేరని కాదు. హైదరాబాదులో 1996లో మొదలైన ప్రజ్వల, విజయవాడలో 1969 నుంచి పనిచేస్తున్న వాసవ్య మహిళా మండలి లాంటి సంస్థలు వందల మంది పిల్లలను నిలబెట్టాయి. నేను అడుగుతున్నది వేరు. నిందితుణ్ణి అరెస్టు చేసి, గడువులోపు చార్జిషీటు వేయకపోతే ఇలాంటి కేసుల్లో ఎంత పెద్ద నేరానికైనా 90 రోజులకు అతను బెయిలు అడగవచ్చు. అది అతని హక్కు. వ్యభిచార నిరోధక చట్టం 17వ సెక్షను కింద రక్షణ గృహంలో ఉంచాలని మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇస్తే బాధితురాలు ఏడాదికి తక్కువ కాకుండా, మూడేళ్ల దాకా అక్కడే ఉండాలి. నేరం చేసినవాడికి గడువు రోజుల్లో, నేరానికి బలైనదానికి ఏళ్లలో.

ఇంటికి పంపేద్దామంటే అదీ అంత తేలిక కాదు. అమ్మింది మేనమామే కావచ్చు. ‘పిన్నిని’ అంటూ ఏడ్చుకుంటూ వచ్చిన ఆడమనిషి ఆ వ్యభిచార గృహం నడిపేదాని చెల్లెలు కావచ్చు. రెండో రోజు పొద్దున్నే ఎవరో లాయరు విడుదల పిటిషనుతో ప్రత్యక్షమవుతాడు. పిల్ల అతన్ని పిలవలేదు, ఫీజు ఇవ్వలేదు. ఆ ఫీజు ఎవరిచ్చారో తెలుసుకోవడానికి పెద్ద దర్యాప్తు అక్కర్లేదు. బొంబాయి హైకోర్టు 2002లో ప్రేరణ సంస్థ వేసిన కేసులో ఈ దొంగదారిని కనిపెట్టి మూసేసింది. నిందితుడి తరఫు లాయరు బాధితురాలి తరఫున నిలబడకూడదని, పిల్లల్ని విచారణ లేకుండా తల్లిదండ్రులమని వచ్చినవాళ్ల చేతిలో పెట్టకూడదని, విటులను పిలుస్తూ దొరికిన మైనరును నేరస్తురాలిగా కాక రక్షణ అవసరమైన బిడ్డగా చూడాలని చెప్పింది. కాబట్టి హోము అవసరమే. ఇంటి పరిస్థితి విచారించే అధికారి నెలల తరబడి ఆ ఊరికి వెళ్లకపోవడం, ఫైలు బల్లమీద ఉండిపోవడం, పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ‘నేనేం తప్పు చేశానక్కా?’ అని వార్డెనును అడగడం మాత్రం అవసరం కాదు. కేసు తేలేదాకా స్టేషను గదిలో చీటీ కట్టి పెట్టే జప్తు వస్తువులా ఆమెను చూస్తున్నాం. సాక్ష్యం చెప్పేదాకా పాడవకుండా ఉంటే చాలునన్నట్టుంది వరస.

ఎనభై కిలోమీటర్ల సాక్ష్యం

జరిగింది ఎన్నిసార్లు చెప్పాలి? రైడుకు వచ్చిన బృందానికి ఒకసారి. వాంగ్మూలం రాసుకునే అధికారికి ఒకసారి. ఆసుపత్రిలో డాక్టరమ్మకు ఒకసారి. కమిటీ ముందు ఒకసారి. మేజిస్ట్రేటు ముందు ఒకసారి. దాన్ని ఇప్పటికీ అందరూ ‘164 స్టేట్‌మెంటు’ అనే అంటారు, కొత్త సురక్షా సంహితలో అది 183. హోములో కౌన్సెలరుకు ఒకసారి. చివరికి కోర్టులో. ప్రతిసారీ ఒకే మాట, ఒకే తేదీ, ఒకే గది నంబరు చెప్పాలి. ఎక్కడ తేడా వచ్చినా దాన్ని ఎర్రసిరాతో గుర్తుపెట్టుకునేవాళ్లు ఉంటారు. ఏడు ఊళ్లు తిప్పి, మత్తిచ్చి, రాత్రీ పగలూ తెలియకుండా ఉంచిన పిల్లను ‘ఆరోజు మంగళవారమా బుధవారమా’ అని అడుగుతారు.

2025 డిసెంబరులో సుప్రీంకోర్టు బెంగళూరు పీణ్య పోలీసుల కేసులో ఇచ్చిన తీర్పు ఈ విషయంలో ప్రతి మేజిస్ట్రేటు బల్లమీదా ఉండాల్సింది. అక్రమ రవాణాకు గురైన మైనరు మాటను గాయపడిన సాక్షి మాటలా విలువిచ్చి చూడాలని, ఆమెను నేరంలో భాగస్వామిగా చూడకూడదని, చిన్నచిన్న తేడాలు పట్టుకుని కొట్టిపారేయకూడదని న్యాయస్థానం చెప్పింది. ఇలాంటి ముఠాల్లో ఎవరు ఎవరిని ఎక్కడికి పంపారో పిల్లకు వివరంగా తెలిసే అవకాశమే ఉండదని గుర్తు చేసింది. వైద్య పరీక్ష పేరుతో జరిగే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుబట్టింది, 2022 అక్టోబరులో అది దుష్ప్రవర్తనేనంది. ఢిల్లీలో తీర్పు వచ్చిన రోజుకీ, మన తాలూకా ఆసుపత్రి గదిలో అలవాటు మారిన రోజుకీ మధ్య ఎంత మంది పిల్లలు నలిగిపోయి ఉంటారు!

ఇక కోర్టు. పోక్సో ప్రత్యేక కోర్టు విజయవాడలో ఉంది. నందిగామ పక్క పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి.రమణ భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, 2022 ఆగస్టు 20న అక్కడి కొత్త కోర్టుల సముదాయాన్ని ప్రారంభించారు. భవనం బ్రహ్మాండంగా ఉంది. జగ్గయ్యపేట నుంచి అక్కడికి దాదాపు 80 కిలోమీటర్లు, నందిగామ నుంచి 50. వత్సవాయి, పెనుగంచిప్రోలు మండలాల్లో లోపలి ఊళ్ల నుంచైతే ముందు ఆటో ఎక్కి రోడ్డు మీదికి రావాలి. సమన్లు వచ్చిన రోజు పిల్లా, తల్లీ తెల్లవారుజామునే బయలుదేరతారు. ఆ రోజు కూలి పోయింది. ఊళ్లో ఎవరో ఒకరు ‘ఎక్కడికమ్మా తల్లీకూతుళ్లు పొద్దున్నే?’ అని అడుగుతారు. ఆసుపత్రికని అబద్ధం చెబుతారు.

పదిన్నరకు కోర్టు వరండాలో కూర్చుంటారు. ఎదురుగా నిందితులూ వస్తారు, వాళ్లూ బెయిలు మీద ఉన్నారు కనుక వాయిదాకు రావాల్సిందే. పిల్ల కంటికి నిందితుడు కనబడకూడదని పోక్సో 36వ సెక్షను చెబుతోంది, కానీ అది సాక్ష్యం చెప్పే సమయానికి సంబంధించినది. వరండాకు తెర ఎవరు కడతారు? తల్లి పక్కనే నిలబడి ఒకడు మెల్లగా అంటాడు: ‘అమ్మా, పిల్లకు రేపు పెళ్లి కావాలి కదా. ఎందుకీ గొడవ? నీకు ఎంత కావాలో చెప్పు.’ మధ్యాహ్నం మూడింటికి బెంచి క్లర్కు వచ్చి వాయిదా పడిందంటాడు. జడ్జిగారు సెలవు, లేదా పబ్లిక్ ప్రాసిక్యూటరు (పీపీ) వేరే కోర్టులో ఉన్నారు, లేదా డిఫెన్సు వాళ్లు టైము అడిగారు. సాక్షి బత్తా ఇచ్చేరోజు ఇస్తారు. మళ్లీ బస్సు.

పిల్లను మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదని పోక్సో 33వ సెక్షను. కేసు విచారణకు స్వీకరించిన 30 రోజుల్లోపు పిల్ల సాక్ష్యం నమోదు చేయాలని, ఏడాదిలోపు విచారణ ముగించాలని 35వ సెక్షను. లాయర్లు నేరుగా పిల్లను నిలదీయకూడదు, ప్రశ్నలు జడ్జికి ఇస్తే జడ్జి అడగాలి. ఇవన్నీ 2012 నవంబరు 14 నుంచి, బాలల దినోత్సవం నాడే అమల్లోకి వచ్చాయి. ప్రతి పోక్సో బాధితురాలికీ పక్కన నిలబడే సహాయకురాలు ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ అక్క చేయాల్సింది పెద్ద పనేం కాదు. వాయిదా తేదీ ముందుగా కనుక్కుని చెప్పడం, వరండాలో పక్కన కూర్చోవడం, ‘ఎంత కావాలో చెప్పు’ అని వచ్చినవాడి పేరు పీపీకి చెప్పడం. ఆ ఒక్క మనిషి ఉన్న కేసుకూ లేని కేసుకూ ఎంత తేడా ఉంటుందో కోర్టు వరండాలో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. తల్లి ధైర్యం చెడి, పిల్ల బోనులో ‘నాకేం గుర్తులేదు’ అంటే ‘హోస్టైల్’ అని రాసుకుంటారు. ఎవరు ఎవరికి ఎదురు తిరిగారో ఆ మాట రాసేవాళ్లు ఒక్కసారైనా ఆలోచించాలి.

నందిగామ ప్రాంతానికి పోలీసుల వల్ల తగిలిన పాత గాయం కూడా ఒకటి ఉంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో నందిగామ దగ్గరి అనాసాగరం కుర్రాణ్ణి నిందితుడిగా పెట్టారు. 2017 మార్చిలో హైకోర్టు అతన్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపిన తర్వాత! అది అక్రమ రవాణా కేసు కాదు. అయినా ఇక్కడి పేదింటివాళ్లు ‘స్టేషనుకు పోదాం’ అన్న మాటకు ఎందుకు ఉలిక్కిపడతారో అర్థం కావాలంటే దాన్ని గుర్తు పెట్టుకోవాలి. తప్పు మనిషిని పట్టుకోవడం, నిజమైన బాధితురాలిని నమ్మకపోవడం రెండూ ఒకే తొందర నుంచి, ఒకే నిర్లక్ష్యం నుంచి పుడతాయి.

పత్రికల సంగతీ చెప్పాలి. ‘వ్యభిచార గృహంపై దాడి, ముగ్గురు మహిళలు, ఇద్దరు విటులు అరెస్టు’ అన్న వార్త వారానికొకటి జిల్లా పేజీలో ఉంటుంది. పైన ఫొటో. చున్నీలతో మొహాలు కప్పుకున్న ఆడపిల్లలు, వెనక నిలబడ్డ పోలీసులు. కాలనీ పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, ఒక్కోసారి తండ్రి పేరు కూడా. చున్నీ కప్పినా ఆ డ్రెస్సు కుట్టించిన అమ్మకు తెలియదా? పోక్సో 23వ సెక్షను, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షను దీన్ని నేరమంటున్నాయి. పిల్లను గుర్తుపట్టేలా రాసినా చూపినా జైలుశిక్ష పడవచ్చు. మా వృత్తిలో ఈ చట్టం తెలియనివాళ్లు లేరు. పాటించాలన్న పట్టుదల ఉన్నవాళ్లు ఇంకా పెరగాలి.

డబ్బు మాట

2022లో దేశమంతటా 2,250 మానవ అక్రమ రవాణా కేసులు నమోదైనట్టు జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. 6,036 మంది బాధితుల్లో 2,878 మంది పిల్లలే. 391 కేసులతో తెలంగాణ ముందుంది. కేసులు ఎక్కువ కట్టిన రాష్ట్రాన్ని తిట్టడం తేలిక. కట్టకుండా వదిలేసిన చోట ఏం జరుగుతోందో ఏ లెక్కా చెప్పదు.

శిక్షలు చట్టంలో గట్టిగానే ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను కింద పిల్లల అక్రమ రవాణాకు పదేళ్లకు తగ్గకుండా, యావజ్జీవం దాకా శిక్ష ఉంది. ఒకరికన్నా ఎక్కువ మంది పిల్లలైతే 14 ఏళ్లకు తగ్గదు. బాధితురాలి సమ్మతికి విలువ లేదని కూడా అందులోనే ఉంది. కానీ ముఠాలు రాష్ట్రాలు దాటి పనిచేస్తుంటే దర్యాప్తు ఒక స్టేషను ఎస్సై భుజాల మీద ఉంటోంది. ప్రజ్వల వేసిన కేసులో 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందు కేంద్రం ఒక ప్రత్యేక దర్యాప్తు సంస్థ పెడతామని ఒప్పుకుంది, 2016 డిసెంబరు గడువు. ఆ గడువుకు ఆ సంస్థ రాలేదు. 2019లో జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏకు ఈ కేసులు దర్యాప్తు చేసే అధికారం ఇచ్చారు. బాధితుల పునరావాసాన్ని కలిపి రాసిన కొత్త బిల్లు 2018 జులైలో లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభలో నెగ్గకుండానే 2019లో మురిగిపోయింది.

బాధితురాలిని నేరస్తురాలిగా చూడకూడదన్న పాఠం బయటి దేశాల్లోనూ తేలిగ్గా రాలేదు. అమెరికాలో టెనెసీ రాష్ట్రంలో సింటోయా బ్రౌన్ అనే 16 ఏళ్ల అమ్మాయి, తన శరీరాన్ని కొన్న మనిషిని 2004లో కాల్చి చంపింది. యావజ్జీవం వేశారు. ఆమెను ఆ పనికి పంపినవాడి మాట విచారణలో పక్కకు పోయింది. గవర్నరు క్షమాభిక్షతో 2019 ఆగస్టులో బయటికి వచ్చేనాటికి ఆమె వయసు ముప్పై దాటింది. ఇంగ్లండులో 2015 నాటి ఆధునిక బానిసత్వ నిరోధక చట్టం 45వ సెక్షను బలవంతం మీద చేసిన చాలా నేరాల నుంచి బాధితులకు రక్షణ ఇచ్చింది, పిల్లలకు ఇంకాస్త ఎక్కువగా. మన 1956 చట్టంలో అలాంటి ఒక్క వాక్యం ఈ రోజుకీ లేదు. పద్దెనిమిది నిండిన మర్నాడు దొరికిన పిల్లకు ఆ వాక్యమే ప్రాణం.

పరిహారం ఉందన్న సంగతే చాలా కుటుంబాలకు తెలియదు. 2018 నాటి జాతీయ న్యాయ సేవల సంస్థ పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి నాలుగు లక్షలకు తగ్గకుండా, ఏడు లక్షల దాకా ఇవ్వవచ్చు. మైనరైతే ఇంకో సగం ఎక్కువ. ముద్దాయికి శిక్ష పడాలన్న షరతు లేదు. ముద్దాయి దొరక్కపోయినా అడగవచ్చు. పోక్సో కోర్టు విచారణ మధ్యలోనే మధ్యంతర పరిహారం ఇప్పించవచ్చు. 2003లోనే ఉమ్మడి రాష్ట్రం మహిళా సంక్షేమ శాఖ ఒకటో నంబరు జీవోతో, రక్షించిన బాధితురాలికి తక్షణ సాయం నుంచి పునరావాసం దాకా ఒక విధానం ప్రకటించింది. అంత ముందుగా ఆలోచించిన రాష్ట్రం మనది. కానీ అర్జీ ఎవరు రాస్తారు? బ్యాంకు ఖాతా ఎవరు తెరిపిస్తారు? ఖాతా తెరవాలంటే కాగితాలు కావాలి, కాగితాలు ఆ అమ్మినవాడి దగ్గర ఉండిపోయాయి. డబ్బు లేని ఇంటికే మళ్లీ అదే బ్రోకరు కబురు పంపుతాడు. మెట్టలో సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీళ్లు రాని ఏడాది, మిర్చి ధర పడిపోయిన ఏడాది, ఆ కబురు ఇంకా తొందరగా వస్తుంది. పరిహారం సకాలంలో చేతికి అందితే ఆ పిల్ల రెండోసారి బండెక్కకుండా ఆగవచ్చు.

కేసు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితురాలికి చెప్పాలని సురక్షా సంహిత 193వ సెక్షను పోలీసులను ఆదేశిస్తోంది. నిందితుడి బెయిలు పిటిషను మీద మాట్లాడే హక్కు ఆమెకు ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. జగ్గయ్యపేట, నందిగామ కోర్టుల్లో మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉన్నాయి. ఫీజు లేకుండా ఆమె తరఫున లాయరును పెట్టాల్సింది వాళ్లే. పిల్లల సాయం కోసం 1098కి, ఉచిత న్యాయ సాయం కోసం 15100కి ఫోను చేయవచ్చు.

నేను ఈ జిల్లాను అడిగేది ఒక పెద్ద సంస్కరణ కాదు. ప్రతి జిల్లాలోనూ భయపడే సాక్షుల కోసం విడి గది పెట్టాలని 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. పిల్ల సాక్ష్యాన్ని వీడియో ద్వారా నమోదు చేయవచ్చని పోక్సో 36వ సెక్షనులోనే ఉంది. కొవిడ్ కాలంలో కోర్టులన్నీ వీడియోకు అలవాటు పడ్డాయి కూడా. అలాంటప్పుడు వత్సవాయి పిల్ల విజయవాడ వరండా దాకా ఎందుకు రావాలి? నందిగామ కోర్టులో ఒక గది, ఒక కెమెరా, వాకిలి వేరు, పక్కన కూర్చోవడానికి జీతమిచ్చి పెట్టిన ఒక సహాయకురాలు. జిల్లా జడ్జి, కలెక్టరు, పోలీసు కమిషనరు ఒక పూట కలిసి కూర్చుంటే తేలిపోయే పని ఇది. రాబోయే వాయిదాకైనా ఆ గది తలుపు తెరవండి.